మూత తీయని తూటాల పెట్టె

అన్నయ్యా,

యుద్ధం ముగిశాక మిరప కోతలకు వస్తానని మాటిచ్చి రాలేదు నువ్వు. యాభై ఏళ్లు దాటింది. నీ చేతిలో పాత త్రీనాట్‌త్రీ తుపాకీ ఉంటే, కొత్తరకం ఎస్సెల్లార్ తుపాకుల తూటాల పెట్టె పంపారు. అవి నీ తుపాకీలో పట్టలేదు. సరిహద్దులో ఖాళీ తుపాకీతోనే పోయావు.

ఇప్పుడు నీ మనవరాలు సైన్యంలో తూటాల డిపో ఆఫీసరు. నిన్న మన దర్శిలో దానికి సన్మానం చేశారు. ఆ యూనిఫాంలో దాన్ని చూస్తే నువ్వే నిలబడినట్టుంది. నేను కావాలనే లేచి గట్టిగా అడిగాను.

"ఏమ్మా, పెట్టె మూత తీసి చూసే పంపుతావా?"

"చూడకుండా ఎట్టా పంపుతాను చినతాతయ్యా? ఏ తుపాకీకి ఏ తూటానో చూశాకే సంతకం పెడతా."

సభంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఒక్కడే తల దించుకున్నాడు. నీ పెట్టె మూత తీయకుండా సంతకం పెట్టిన స్టోరు హవల్దారు, మన పక్కింటి వెంకటరత్నం.