గోరింటాకు గోళ్లు

జూలై 1, మంగళవారం

మళ్లీ గోళ్లు. పొద్దున్నుంచి గోళ్లే. ఆడవాళ్ల చేతివేళ్ల ఫొటోలు తెర మీద ఒకదాని వెనక ఒకటి. గోరు చుట్టూ గీత గీయాలి, ఫొటో పనికొస్తుందో పనికిరాదో నొక్కాలి. తర్వాతది. ఈ గీతలు చూసి యంత్రం నేర్చుకుంటుందట, గోరు రంగును బట్టి ఒంట్లో రక్తం చాలినంత ఉందో లేదో చెప్పడం. నాకెవడు నేర్పాడు? ఇంగ్లీషు కూడా ఫోనులో వీడియోలు ఆపి ఆపి చూసి నేర్చుకున్నదే. దీనికి మాత్రం కోట టౌన్లో ఎరువుల కొట్టు మేడ మీద గదినిండా మనుషులం కూర్చుని నేర్పాలి.

మెడ లాగేస్తోంది.

జూలై 2

మన జిల్లా ఫొటోలు రావడం మొదలైంది. ఆషాఢం కదా... వేళ్లన్నీ గోరింటాకు. గోళ్లు నిప్పుల్లా పండి ఉన్నాయి. పనికిరాదు, పనికిరాదు అని నొక్కుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి అన్నీ తప్పులని వెనక్కొచ్చాయి. గోళ్ల రంగు వేసుకుంటే పనికిరాదు, మురికి ఉంటే పనికిరాదు, దెబ్బ తగిలితే పనికిరాదు. రూలు పుస్తకంలో అంతే. గోరింటాకు మాటే లేదు. రాసినవాడు ఏ ఊరివాడో, ఎన్నడూ చూసి ఉండడు.

టీం లీడర్ సుధీర్ అన్న దగ్గరికి పోయాను.

"గోరు కనపడతా ఉండాదా లేదా? కనపడితే పనికొస్తుందని వెయ్."

"తెల్లగా పాలిపోయిన గోరు కూడా దీని కింద ఎర్రగానే ఉంటాది గదన్నా."

"నాకు తెలీదా అబ్బయ్యా. పైకి మెయిల్ పెట్టినా. జవాబు రాలా. నువ్వు ఊరికే గొడవ చెయ్యబాక."

ఆయన కళ్లు కూడా నా కళ్లలాగే ఉన్నాయి, వాచి. తిట్టబుద్ధి కాలేదు. వచ్చి కూర్చుని అన్నీ పనికొస్తాయని నొక్కాను.

పోయిన నెల ఇదే కుర్చీలో రొయ్యలు చేశాం. తెల్లమచ్చ రోగం ఉందో లేదో. దాని రూలు పుస్తకంలో బురదకి ఒక బటన్, నాచుకి ఒక బటన్, బుట్ట నీడకి ఒక బటన్. రొయ్యకి ఉన్న మర్యాద మా ఆడవాళ్ల వేళ్లకి లేదు.

జూలై 3, గురువారం

ఇంటికొస్తే, మా గీతలతో నేర్చుకున్న ఆ యంత్రం ఉన్న ఫోను మా అరుగు మీద. ఆశా వర్కర్ రమణమ్మక్క పట్టుకుని ఉంది. ఈ ఫోను మా ఊరికొచ్చిన తర్వాత సూది పరీక్ష, రక్తం తక్కువని రెడ్ వచ్చినవాళ్లకే. గ్రీను వస్తే ఇంట్లోనే.

సునీతక్కకి ఐదో నెల. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి పొట్టు వలిచి వలిచి, ఇప్పుడు మా ఇంట్లో కూర్చుంది. బావ లారీ మీద ఎక్కడున్నాడో. పక్కింటి వాళ్లు రుబ్బిన గోరింటాకు అక్క చేతులకీ కాళ్లకీ పండింది. ప్రభువుని నమ్ముకున్న మనకి ఆషాఢం ఏంటంటే, "ఆషాఢం వాళ్లది, గోరింటాకు అందరిది" అంటుంది.

గ్రీను వచ్చింది. అమ్మ చేతులెత్తి స్తోత్రం చెప్పింది.

నాలుగు మెట్లెక్కితే అక్కకి ఆయాసం. పచ్చి బియ్యం డబ్బా ఒళ్లో పెట్టుకుని నములుతోంది; రక్తం తగ్గితే అలా తినబుద్ధవుతుందని ఎక్కడో చదివాను. అమ్మనడిగితే, "కడుపుతో ఉండేవాళ్లు అట్టనే తింటార్రా."

జూలై 4

అక్కతో చెప్పాను. కోటలో ల్యాబుంది, రేపు పోదాం, ఒక్క సూది.

"ఎందుకు? నువ్వు చేసిన ఫోనే గదా చెప్పింది."

"నేను చెయ్యలేదక్కా. నేను గీతలు గీస్తా."

"అదే గదా చెయ్యడమంటే."

ల్యాబుకి రానంది.

జూలై 6, ఆదివారం

జరగకూడనిది జరిగిపోయింది. గుడిలో పాస్టరయ్యగారు, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యాలు చెప్పమనగానే అమ్మ లేచింది. "నా కొడుకు చేసిన ఫోను నా కూతురికి రక్తం నిండుగా ఉండాదని చెప్పింది, నా బిడ్డ చేతుల మీద దేవుడు పనిచేసినాడు..." సంఘమంతా స్తోత్రం అంది. అందరూ నావైపు తిరిగారు. నేల చూస్తూ కూర్చున్నాను. లేచి కాదని అనాల్సింది. అంత మందిలో అమ్మని అబద్ధాలకోరుని చేయడమెట్లా?

దారిలో అక్కని సూది సంగతి మళ్లీ అడిగాను. "అమ్మ సాక్ష్యం చెప్పినాక నేను పొయ్యి సూది పొడిపించుకుంటే జనం ఏమనుకుంటార్రా? దేవుడి మీద నమ్మకం లేదా అనరా?"

ముందు ఫోను మీద నమ్మకం. ఇప్పుడు ఫోనూ దేవుడూ ఒకటైపోయారు.

జూలై 7

పనికొస్తుంది. పనికొస్తుంది. పనికొస్తుంది.

జూలై 8

అక్క బావి దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఎండ అంది అమ్మ. మబ్బుగా ఉంది ఇవాళ.

తప్పు గోరింటాకుదేనని నా దగ్గర రుజువేమీ లేదు. నిజంగానే రక్తం బాగుందేమో. తెలియాలంటే సూదొక్కటే దారి.

జూలై 9, బుధవారం

రమణమ్మక్క ఇంటికి పోయి అడిగాను, అక్కని పెద్దాసుపత్రికి రాసి పంపమని. "ఆ బిడ్డ మొహం చూస్తే నాకూ బాగలేదు. అయితే గ్రీనున్నోళ్లని పంపితే పైనోళ్లు నన్నే అడగతారు. రెడ్ రానీ, నిమిషంలో బండి తెప్పిస్తా."

రెడ్ కావాలి. అంతే కదా.

జూలై 10

చేశాను.

సాయంత్రం రమణమ్మక్క వచ్చింది, ఇంకోసారి చూస్తానని. అక్క వేలు పెట్టింది. మళ్లీ గ్రీను. అక్క కాఫీ కలపడానికి లోపలికి పోయింది. అక్క పేరు మీద తెరిచిన ఫోనుకే, రమణమ్మక్క కళ్లెదుటే, నేను నా వేలు పెట్టాను, గ్రీను. అమ్మ అంట్లు తోముకుని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాన్న పోయిన తర్వాత అమ్మ గోరింటాకు పెట్టుకోదు. ఫోను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూస్తున్నాం, వేలు పెట్టమ్మా అన్నాను. పెట్టి, చూడకుండానే దొడ్లోకి పోయింది.

రెడ్.

అక్క పేరు మీద రెడ్. సంతోషమేసింది, గెలిచినట్టు. రమణమ్మక్క మాత్రం నవ్వలేదు. దొడ్లో బిందె ఎత్తుకుంటున్న అమ్మనే చూస్తోంది. అప్పుడు తలకెక్కింది నాకు. ఇది ఎవరి రెడ్?

జూలై 11, శుక్రవారం

బండొచ్చింది. రెడ్ అని వినగానే అక్క భయపడి బండెక్కింది. అమ్మ మొహం మాడిపోయింది. దారంతా పెదవులు కదులుతూనే ఉన్నాయి. నిన్నటిదాకా నాకు దేవుడి మీద కోపం, కంపెనీ మీద కోపం, రూలు పుస్తకం రాసినవాడి మీద కోపం. బండిలో మాత్రం ఏ కోపమూ రాలేదు. ఉత్త అలసట.

అక్క నెత్తురు తీసుకున్నారు. ల్యాబులో యంత్రం పాడైందట, రిపోర్టు సోమవారం. అమ్మది కూడా తీయండి అన్నాను. "నాకెందుకురా, నేను బాగానే ఉండాను," అని అమ్మ వరండాలోకి పోయింది.

వెనకే పోయి చెప్పేశాను. ఆ రెడ్ అక్కది కాదమ్మా, నీది. నీ వేలు. అక్కని ఇక్కడికి తేవడానికి నేనే ఆ పని చేశాను. నీకే రక్తం లేదు, సూదికి చెయ్యి పెట్టు.

కొడుతుందనుకున్నాను. బెంచీ మీద కూర్చుంది. పొద్దున్నుంచి బిగుసుకుని ఉన్న మొహం మెల్లగా తేటపడింది.

"అయితే సునీతది గ్రీనే గదరా," అంది. "నేను గుళ్లో అబద్ధం చెప్పలేదు గదా."