పిల్లల వరుసలో నా పేరు

కోవిల్‌పట్టి,
ఆదివారం

తిరుత్తంగల్ చిన్నాయనకు,

శాంతిప్రియ పెళ్ళి పత్రిక అందింది. మీ ప్రెస్సులో మీరే దగ్గరుండి అచ్చేశారు కదా, రంగు బాగా పడింది. కానీ కింద బంధువుల పేర్లలో కణ్ణన్ పక్కన నా పేరు వేసి పెళ్ళికాకముందే మమ్మల్ని జంట చేసేశారు. మీ ప్రేమ నాకు తెలుసు. అదిప్పుడు నా కొంప ముంచుతుంది.

అమెరికాలో ఉన్న అమ్మ నాకోసం వీసా దరఖాస్తు పెట్టి తొమ్మిదేళ్ళయింది. అది పెళ్ళికాని పిల్లల వరుస. మెడలో తాళి పడితే దరఖాస్తు చెల్లదు. అందుకే నేనూ కణ్ణనూ ప్రతి ఏడూ పెళ్ళి వచ్చే ఏడు అనుకుంటున్నాం. రేపు ఏ ఆఫీసరో ఈ పత్రిక చూస్తే ఏం చెప్పను, మా చిన్నాయన తొందరపడ్డాడనా?

ఊళ్ళో పంచకముందే మళ్ళీ అచ్చెయ్యండి. పెళ్ళికానివాళ్ళ పేర్లు అడుగున పిల్లలతో వెయ్యడం మన పద్ధతి కదా, నన్నూ అక్కడే వెయ్యండి. నాకు ముప్పైఆరు. రెండో క్లాసు యాళిని పక్కనైనా పరవాలేదు. అమెరికా వాళ్ళకూ నేను పిల్లనే.

వీసా వచ్చాక నేను వెళ్ళి, తిరిగొచ్చి పెళ్ళి చేసుకుని, అప్పుడు కణ్ణన్ కోసం దరఖాస్తు పెట్టాలి. దానికి ఇంకో వరుస ఉందని, మళ్ళీ ఏళ్ళు ఆగాలని నిన్ననే అతనికి చెప్పాను.

పాత పత్రికలన్నీ కాల్చెయ్యండి. ఒక్కటి మాత్రం దాచిపెట్టండి, కణ్ణన్ అడిగాడు. మాకు పెళ్ళయింది అందులో మాత్రమేనట.

మీ అన్న కూతురు