తీసేసిన గుడిసెలు

పుణె,
ఆదివారం

అక్కా,

నీకూ బావకూ నమస్కారాలు. నీ నడుంనొప్పి తగ్గిందా? పాపకు జ్వరం పూర్తిగా పోయిందా? నేను బాగానే ఉన్నాను, తిండికీ నిద్రకూ లోటు లేదు. మనసులోనే మంట. ఫోన్లో చెబితే ఏడుస్తాను, నువ్వు భయపడతావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వాన పట్టి రెండు వారాలైంది. బట్టలు ఆరవు. మెస్సువాళ్ళు పప్పులో బెల్లం వేస్తారు. గోంగూర పచ్చడి ఒక సీసా పంపు.

నా పనేమిటని అడిగావు కదా. వరదొస్తే డ్యామ్ గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తాలో కంప్యూటర్‌లో ముందే నడిపి చూసే మోడల్ అది. వాన, గేట్లు, కాలువలు, దిగువ ఊళ్ళు అన్నీ ఒకే బొమ్మలో, బాణాలతో, చిక్కుపడ్డ వలలా ఉండేవి. ఎవరికీ అర్థమయ్యేది కాదు. మూడు నెలలు కూర్చుని పేజీలుగా విడగొట్టాను. వానకొకటి, గేట్లకొకటి, ఏటి ఒడ్డు గుడిసెలకొకటి. గుడిసెలవాళ్ళు ఖాళీ చేయడానికి పట్టే సమయం గుడిసెల పేజీలోనూ గేట్ల పేజీలోనూ కనిపిస్తుంది. రెండు చోట్ల కనిపించినా ఉన్నది ఒక్కటే.

పోయిన వారం మా టీమ్ లీడర్ గేట్ల పేజీని శుభ్రం చేయబోయాడు. ఖాళీ చేసే సమయం ఆ పేజీలో కనపడకుండా చేస్తే సరిపోయేది. ఆయన దాన్ని మోడల్లోంచే తీసేశాడు. దాంతో కంప్యూటర్‌లో గేట్లు జనం కోసం ఆగడం మానేశాయి. డ్యామ్ తరఫున వచ్చిన ఇంజినీరు మేడమ్, జనం కదలకముందే నీళ్ళు ఎందుకు వదులుతున్నారని అడిగింది. పేజీలు విడగొట్టింది ఈ అమ్మాయే, తప్పు అక్కడే జరిగుంటుందని ఆయన నన్ను చూపించాడు. ఆ గదిలో నేను తప్పు నాదే అన్నట్టు నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. అదే నన్ను ఎక్కువగా కాలుస్తోంది.

పాత కాపీల చిట్టా తెరిచి చూస్తే, ఎవరు ఏ రోజు తీశారో స్పష్టంగా ఉంది. టీమ్ లీడర్‌కే తీసుకెళ్ళి చూపించాను. ఆయనా తెలుగువాడే, మెల్లగా అన్నాడు.

"నాలుగు గుడిసెల కోసం నా పరువు తీస్తావా?"

"మీకవి గీతలు సార్. మా అవ్వ సోమశిల డ్యామ్ ముంపులో ఇల్లొదిలి వచ్చినామె. మూటలెత్తుకుని ముసలోళ్ళు ఎంత నిదానంగా నడస్తారో ఆమెనడిగితే చెప్తాది. తీసేసింది మీరు, నామీద పెట్టినారు. ఆ మేడమ్‌కి మీరే చెప్పాల."

ఆయన చెప్పలేదు. మరునాడు నన్ను స్లైడ్లకు రంగులు వేసే పనిలో పెట్టాడు. నా పక్క సీటు ఖాదర్, మర్రిపాడు అబ్బాయి, "పోనీలే సుజాతా, ఉద్యోగముండాది గదా" అన్నాడు. అతని మీదా కోపమొచ్చింది.

తీసేసినదాన్ని మళ్ళీ పెట్టి, నడిపి చూసి, జరిగింది రాసి, నా పేరుతోనే మేడమ్‌కు పంపాను. ఆమె ఫోన్ చేసి, ఇప్పుడు గేట్లు ఆగుతున్నాయి, ఇదే వాడతామంది. ఆఫీసులో మాత్రం టీమ్ లీడర్‌ను దాటి నేరుగా రాసినందుకు రేపు క్షమాపణ పత్రం ఇవ్వమన్నారు. తప్పు చేసినవాడు కుర్చీలో కూర్చుని ఉంటే నేను రాసివ్వాలట.

అవ్వకు నా దండాలు చెప్పు. అమ్మకు ఇదంతా చదివి వినిపించొద్దు, నేను కులాసాగా ఉన్నానని మాత్రం చెప్పు. నీ దీవెన నాకు కావాలి. ఈ ఉత్తరం అందేసరికి ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది. ఉద్యోగం ఉన్నా పోయినా, ఆ పత్రం మాత్రం నేను రాయను.

నీ చెల్లెలు
సుజాత