ఒకే పేరుతో రెండు

ఆర్థర్ అన్నయ్యా,

క్యాసెట్ కోసం వెతకకు, నా దగ్గరే ఉంది. నువ్వు అందులోని అమ్మ పాటను కంప్యూటర్‌లోకి రికార్డుకు పెట్టి వెళ్లాక, నా గొంతూ కలుపుదామని కంప్యూటర్‌లో అదే రికార్డర్ ప్రోగ్రామ్‌ను రెండోసారి తెరిచాను. అది బిగుసుకుపోయింది. దాన్ని ఆపడానికి, నువ్వు నేర్పినట్టే నల్ల తెరలో కిల్ఆల్ అని కొట్టి దాని పేరు రాశాను. ఆ పేరుతో నడుస్తున్నవి రెండూ ఆగిపోయాయి. నీది సేవ్ కాలేదు. క్యాసెట్ వెనక్కి తిప్పబోతే రీలు చిక్కుకుని తెగింది. అతికించేవాళ్లెవరైనా ఉంటారేమోనని మోండా మార్కెట్‌కు వెళ్తున్నాను. పెద్దమ్మకు నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

నేను పుట్టిన ఏడాదే పోయిన అమ్మ గొంతు ఇవాళే మొదటిసారి విన్నాను. ఒక్క చరణం.

సువార్త

ముక్కుతో పాడతావని నన్ను ఏడిపిస్తావుగా. అమ్మ కూడా అంతే, అన్నయ్యా.