కొట్టు గోత్రం

నర్సీపట్నం

బ్యాంకు మేనేజరు వెంకటదుర్గ గారికి నమస్కారం.

మొన్న మీ ఎదుట సంతకం పెట్టకుండా లేచి వచ్చేసినందుకు మన్నించండి. మావారు పోయారు కాబట్టి మా కొట్టుకు ఉన్న ఎల్ఈఐ నంబరు రద్దుచేసి, నా పేరున కొత్తది తీసుకుంటేనే అడ్డాకుల విస్తళ్లకు జర్మనీ నుంచి సొమ్ము వస్తుందన్నారు. అర్థమైంది.

ఆ నంబరు వచ్చిననాడు ఆయన, "ఇది మన కొట్టుకి ఆధార్ కార్డే. ఏ దేశమోడైనా దీన్ని సూసే మనల్ని పోల్సుకుంటాడు" అన్నారు. గుళ్లో పంతులుగారు గోత్రనామాలు అడిగితే మావి చెప్పి, కొట్టు పేరు కూడా చెప్పి, దాని గోత్రమని ఆ పొడుగాటి నంబరంతా అప్పజెప్పారు. పంతులుగారు నవ్వుకుంటూనే చదివారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

మొన్నటి మాసికంలో అదే పంతులుగారు ఆయన పేరూ గోత్రం పితృదేవతల వరసలో చదివారు. రేషన్ కార్డులోంచి పేరు తీసేశారు. మీ కంప్యూటర్లో మాత్రం ఆ నంబరు పక్కన ఇంకా 'యాక్టివ్' అనే ఉంది. అది చూశాక కలం మీ బల్ల మీదే పెట్టి లేచాను.

సొమ్ము అందితేగాని సరుకు పంపలేను. ఆకులు కుట్టే చిట్టితల్లి కొండ దిగి వచ్చి, "కట్టలకి పురుగు పడతాదమ్మా, బేగి పంపించీండి" అంటోంది. దాని ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. సంతకం పెట్టిన కాగితం దీనితో జతచేశాను.

ఒక్క మనవి. రద్దుచేసేటప్పుడు ఆ నంబరు ఒకసారి పైకి చదవండి. గోత్రం చెప్పకుండా సాగనంపడం మాలో లేదు.