వానకు ఆగిపోయిన ఆట

ఓంకారన్నా,

ఫోన్ల చెప్తే వదినె విని భయపడతదని, ఇంటికొస్తున్న మన పెద్దులు చేతికి ఈ కాయితం ఇస్తున్న. పెత్తరమాస నాడు నాయిన పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తవు గద, ఈసారి ఇంకో పేరు గూడ చెప్పు. ఆర్థర్.

ఈ అరబ్బు దేశపు సువైక్‌ల నేను పనిచేసే ఖర్జూరం తోటల ఉండె ఈ ఇంగ్లండు ముసలాయన. మొన్నటి ఎండలకు కాలం చేసిండు. శుక్రవారం మా మ్యాచులకు ఆయనే అంపైర్. వయసుల ఉన్నప్పుడు వాళ్ల దేశంల ఒక కౌంటీ టీముకు ఒక్కటే మ్యాచ్ ఆడిండట. తొమ్మిది పరుగుల మీద ఉండంగ వాన పడ్డది. రేపు రమ్మన్నరు. ఆ రేపు గూడ వానే. మళ్ల ఎన్నడు పిలువలే. "నేనింక నాటౌటే" అనేటోడు. పొద్దుగాల లేచి పిచ్ మీదికి పోయి, వికెట్ ముందట బ్యాట్ కొసతోని గీత గీసుకొని, బాలు కోసం చూసుకుంట ఒక్కడే నిలబడెటోడు.

ఆయన పోయినంక గూడ మేం పోయేసరికి ఆ గీత కొత్తగ ఉంటున్నదన్నా. నేనే అంపైర్ లెక్క నిలబడి ఔట్ ఇచ్చి పంపుదామనుకున్న. వేలు లేవలే. అన్నేండ్లు ఎదురుచూసినోన్ని ఎట్ల పొమ్మంట?

నన్ను ఇంటికి పంపుమంటే మా తోట సేటు అర్బాబ్ వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటనే ఉన్నడు. నిన్న చూస్తే అవతలి వికెట్ దగ్గర గూడ ఒక గీత ఉన్నది. అది వికెట్‌కు ఆ పక్కకు, ఎడమచేతోళ్లు నిలబడేతాన గీసుకునే గీత. మా టీంల ఎడమచేతోన్ని నేనొక్కన్నే. నేనైతే గియ్యలే.

బియ్యం మరువకన్నా.

నీ తమ్ముడు