కొత్తవాళ్లు చెయ్యెత్తండి

అక్కా, వందనాలు. నా గురించి దిగులు పడకు, చర్చికి మానకుండా వెళ్తున్నాను. పెద్ద హాలు, నిద్రొచ్చేంత మెత్తటి కుర్చీలు. పాటలయ్యాక "కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యెత్తండి" అంటారు. ఎత్తితే నలుగురూ వచ్చి చెయ్యి కలిపి, కాఫీ ఇచ్చి, పేరడుగుతారు. లేకపోతే ఎవరి దారి వాళ్లది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మోతకి మాకు మాటలెక్కడివి? అందుకే వెళ్లినప్పుడల్లా ఎత్తుతున్నాను. నిన్న కాఫీ పోసే పెద్దావిడ నా పక్కకొచ్చి, "నువ్వు పాతదానివే కదమ్మా, దించు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

బావ మోకాలినొప్పి తగ్గిందా? నా స్వెట్టరు పంపించు, ఇక్కడ చలి. చెయ్యెత్తిన సంగతి అమ్మకి చెప్పకు. ఒకటి మాత్రం నిజం, ఈ ఊళ్లో నన్ను గుర్తుపట్టిన మనిషి ఆవిడొక్కతే.

పిల్లలకు దేవుడి కాపుదల ఉండాలి.

నీ చెల్లి